కందికాయలు

1998 డిసెంబరు ఆఖరున మా తరగతి పిల్లల్ని వంశధార ఒడ్డున వున్న శ్రీముఖలింగానికి తీసుకుపోయాను. ఏటి దగ్గర పచ్చి కందికాయలు ఉప్పువేసి ఉడికించాం. ఇద్దరు ముట్టుకోలేదు. ఒకడిది రంజాన్ ఉపవాసమని అందరికీ తెలుసు, ఎవరూ బలవంతపెట్టలేదు. రెండోవాడు సవర పిల్లవాడు. "మా వూళ్ళో ఇంకా కందికొత్త కాలేదండీ," అన్నాడు. తక్కినవాళ్ళు గొల్లున నవ్వారు. నిజం చెప్పాలంటే, నాకూ నవ్వు వచ్చింది.

కొత్త పంటను దేవతలకూ, చనిపోయిన పెద్దలకూ పెట్టిగాని సవరలు నోట పెట్టరు. కందులకు ఒక పండుగ, మామిడికి ఒక పండుగ. మన ఇళ్ళలో మాత్రం? నైవేద్యం కాకముందే గారె తీస్తే మీ అమ్మ వూరుకుంటుందా?

ఈ గుడిలో శివుడి పేరు మధుకేశ్వరుడు. మధుకమంటే ఇప్పచెట్టు. సవర నాయకుడొకడు ఇప్పచెట్టును నరికితే, ఆ మొదట్లో శివుడి ముఖం కనిపించిందని స్థలపురాణం. ఈ కథ చెప్పేసరికి నవ్వినవాళ్ళంతా సవర పిల్లవాడి చుట్టూ చేరారు. "మా ఇంటి ముందర కూడా ఇప్పచెట్టు వుందండీ," అన్నాడు వాడు.

పొద్దు గుంకాక, ఉపవాసమున్నవాడు మంచినీళ్ళు తాగి, తన వంతు కాయలు తిన్నాడు. ఉడకబెట్టకుండా మిగిలిన కాయల్ని ఒక పిల్ల తువ్వాలులో మూటకట్టి, సవర పిల్లవాడి సంచిలో పెట్టింది.