ట్రక్కు టైరు మార్చేదెప్పుడు? అడగవలసిందెవరు?

తెల్లవారుఝామున నాలుగున్నరకు మేస్త్రీ కేక వేస్తాడు. సద్దిగిన్నెలు, కొడవళ్ళు, చంటిబిడ్డలతో పాతిక ముప్ఫైమంది ఆడకూలీలు ట్రాక్టరు ట్రక్కు ఎక్కుతారు. తెలంగాణలో దీన్నే ట్రాలీ అంటారు. ఆ చీకట్లో ఎవరి కాలు ఎక్కడ పెట్టారో చూసుకోవటమే గగనం. కింద చక్రానికి ఏ టైరున్నదో చూసేదెవరు? గుండు కొట్టించినట్టు నున్నబడిన టైరు మీద, లోపలి దారాలు బయటికొచ్చిన టైరు మీద కాల్వగట్టు వెంబడి పదీ పదిహేను కిలోమీటర్లు పోతారు. పొద్దుగూకేదాకా నడుము వంచి పనిచేసి, మళ్ళీ ఆ టైరు మీదనే యింటికొస్తారు.

రైతాంగ సమస్యల శీర్షికలో టైర్ల గోలేమిటని కొందరు మిత్రులు అడగవచ్చును. కూలిరేట్ల గురించి, భూముల గురించి వ్రాయరాదా అనవచ్చును. వ్రాస్తూనే వున్నాము. కాని ట్రక్కు టైరు ఎప్పుడు మార్చాలి, ఏది కొనాలి అన్నది ఆసామి సొంత వ్యవహారమని మనం యిన్నాళ్ళూ వదిలేశాము. అది మన పొరపాటు. టైరుకు డబ్బు పెట్టేది ఒకరు, దాని మీద ప్రాణం పెట్టేది మరొకరు. ప్రాణం పెట్టేవాళ్ళకు ఆ నిర్ణయంలో మాట లేకపోవటమేమిటి?

2018వ సంవత్సరం గుర్తు చేసుకోండి. ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పి.ఎ.పల్లి మండలంలో మిరప కోతకు పోతున్న కూలీల ట్రాక్టరు కాల్వలో పడి తొమ్మిదిమంది స్త్రీలు చనిపోయారు. మూడు నెలలు తిరక్కముందే, జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాల్వలో యింకొక ట్రాక్టరు పడింది. ఈసారి పదిహేనుమంది. ఈ రెండింటికీ టైర్లే కారణమని మేము అనటం లేదు. కాని రెండుచోట్లా వున్నది అదే ట్రక్కు, అదే కాల్వగట్టు, అదే తొందర. ఆ గట్టు మీద టైరు పేలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ట్రక్కులో మనుషుల్ని ఎక్కించటమే చట్టవిరుద్ధమని అధికారులు అంటారు. నిజమే. అది సరుకు మోసే బండి. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ వకీలు ముందుగా అనే మాట, వీళ్ళు అనుమతి లేని ప్రయాణికులు అని. కూలీలకు సరైన బండి ఆసామి ఖర్చుతో ఏర్పాటు చేయాలన్నదే మన డిమాండు, అందులో రాజీ లేదు. కాని "ట్రక్కు ఎక్కవద్దు" అని బోర్డు పాతిపెట్టి చేతులు దులుపుకుంటే కూలీ గాలిలో ఎగిరి పోతుందా చేలోకి? ఆ ఊళ్ళకు బస్సు లేదు. ఆటోలో పదిహేనుమందిని కుక్కుతారు. రేపు పొద్దున్న కూడా ట్రక్కే ఎక్కవలసి వున్నప్పుడు, ఆ ట్రక్కు సంగతి తెలుసుకోవటం మన పనే.

ట్రక్కు టైరు ఎందుకు పేలుతుంది? మనుషుల బరువుకు కాదు. ముప్ఫైమంది కలిసినా ఒకటిన్నర టన్నులు. అదే ట్రక్కు నిన్న మధ్యాహ్నం ఏరు నుంచి ఇసుక తోలింది. వంద ఘనపుటడుగుల ఇసుక అంటే సుమారు నాలుగున్నర టన్నులు. తడి ఇసుకైతే యింకా ఎక్కువ. దాని మీద పలకలు అడ్డంపెట్టి మరికాస్త పోస్తారు. ఆ బరువుతో, గాలి చాలని టైరు తారురోడ్డు మీద తిరిగితే పక్కగోడ నలిగి నలిగి కాగుతుంది, లోపలి దారాలు ఒక్కొక్కటే తెగుతాయి. పైకి ఏమీ కనపడదు. నిన్నటి ఇసుక దెబ్బ ఇవాళ మనుషుల కింద బయటపడుతుంది. "నలుగురు ఆడమనుషుల బరువెంతలే" అనే ఆసామి మాట అందుకే చెల్లదు.

ఇంకొకటి. చాలా ట్రక్కులకు సొంతంగా బ్రేకులుండవు. ట్రాక్టరు బ్రేకు వేస్తే వెనక బరువు ముందుకు నెడుతుంది. రెండు చక్రాల ట్రక్కుకు ఒక పక్క టైరు పోయిందంటే ఆ పక్కకు కూలబడుతుంది. లారీకి వెనక జంటటైర్లుంటాయి, ఒకటి పోయినా పక్కది కొంత కాస్తుంది. ట్రక్కుకు ఆ ఆసరా లేదు.

మరి ఎప్పుడు మార్చాలి? మోటారు వాహనాల నిబంధనల ప్రకారం టైరు మీది పల్లాల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కొలబద్ద అక్కరలేదు. పల్లం అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మె పోసి వుంటుంది. అరిగి అరిగి టైరు ఆ దిమ్మెతో సమానమైందంటే దాని ఆయుష్షు తీరినట్టే. అదీ కనపడకపోతే అగ్గిపుల్ల పల్లంలో పడుకోబెట్టండి. పుల్ల పైకి తేలుతూ వుంటే మార్చవలసిందే.

అయితే ట్రక్కు విషయంలో అరుగుదల ఒక్కటే చూసి ఊరుకుంటే మోసపోతాము. ఇంజను లాగేది ట్రాక్టరు చక్రాన్ని. ట్రక్కు చక్రం వెనక దొర్లుతుందంతే, కాబట్టి అది తొందరగా అరగదు. ఏడాదిలో సగం రోజులు చెట్టు కిందో, ఎండలోనో, గాలి దిగిపోయి ఖాళీగా పడివుంటుంది. పైన బటన్లు కొత్తవిలా కనపడతాయి, పక్కగోడ మాత్రం బీడుపడ్డ చెరువు మట్టిలా పగుళ్ళిస్తుంది. అందుకని ముందు చూడవలసింది పక్కగోడ. చేత్తో తడమాలి. ఎక్కడైనా బుగ్గలా ఉబ్బిందంటే లోపలి దారాలు తెగాయని అర్థం. ఆ టైరుకు ఇక వైద్యం లేదు. గాటు లోతుగా పడి దారాలు కనపడినా అంతే. లోపల పాత టైరు ముక్క గేటరు పెట్టి, "ఇంకొక సీజను లాగేస్తుంది" అనటం మన ఊళ్ళలో మామూలైపోయింది. ధాన్యం తోలుకుంటే తోలుకోండి, నష్టపోతే బస్తాలు నష్టపోతారు. మనుషుల్ని ఎక్కించే బండికి గేటరు టైరు పనికిరాదు.

ఏది కొనాలి అన్న ప్రశ్నకు కంపెనీ పేరు చెప్పమని అడుగుతారు. కంపెనీ కన్నా ముందు టైరు మీది అచ్చు చదవటం నేర్చుకోవాలి. 9.00-20, 9.00-16, 7.50-16 అని వుండేది సైజు. మొదటిది వెడల్పు, రెండవది రిమ్ము కొలత, అంగుళాల్లో. ఒకే ఇరుసుకు రెండు పక్కలా ఒకే సైజు, ఒకే రకం టైర్లు వుండాలి. ఒకవైపు రేడియలూ, ఒకవైపు నైలానూ వేసి తోలే బండ్లున్నాయి. బండి ఒక పక్కకు వాలి నడుస్తుంది. తరువాత 14, 16 అని ప్లై సంఖ్య. అన్ని పొరలున్నాయని కాదు దాని అర్థం, ఆ పాటి బలం అని. ఎంత బరువు మోస్తుందో, దానికి ఎంత గాలి కావాలో కూడా అక్కడే అచ్చు వేస్తారు. ఏ8 అని వుంటే గంటకు 40 కిలోమీటర్లకు మించి తోలకూడదు. ఏ.డి.వి. అని వుంటే అది ఎద్దులబండి టైరు. ఎద్దు నడకకు చేసిన టైరును పాటలు పెట్టుకుని పరుగెత్తే ట్రాక్టరు వెనక కడుతున్నారు, ధర తక్కువని!

చివర నాలుగంకెల ముద్ర ఒకటుంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైన టైరు. కొట్టువాడు "కొత్తదే, కాగితం కూడా విప్పలేదు" అంటాడు. కాగితం విప్పకపోయినా రబ్బరుకు వయస్సు ఆగదు. రెండు మూడేళ్ళు గోడౌన్లో మగ్గిన సరుకును కొత్త ధరకు కొనవద్దు. అయిదారేళ్ళు దాటిన టైరు బాగానే వున్నట్టనిపించినా ఏటా విప్పించి లోపల చూపించాలి. కొత్త టైరుకు కొత్త ట్యూబు, కొత్త ఫ్లాపు వేయాలి. అక్కడ మిగిల్చే నాలుగు డబ్బులు పంక్చర్లకే పోతాయి.

రాళ్ళదారికి, ముళ్ళకు, గతుకులకు, మన బండి వేగానికి నైలాన్ టైరే తగినది. రీట్రేడు చేయించిన టైరును తీసిపారేయనవసరం లేదు. లోపలి కట్టు గట్టిగా వుండి, పని తెలిసినవాడు చేస్తే అది నడుస్తుంది. మేము వద్దనేది పట్నం నుంచి వచ్చే వాడేసిన లారీ టైర్లను. లారీవాడు పనికిరాదని తీసేసింది మనకు "సెకండ్ హ్యాండు". పట్నంలో ప్రమాదమనిపించినది పల్లెలో ప్రమాదం కాకుండా పోతుందా?

ఇక ధర సంగతి. ట్రక్కు టైర్లంటే భయపడుతున్నారు రైతులు, కారణం లేకపోలేదు. 2011-12లో లారీ బస్సులకు వేసే క్రాస్ ప్లై టైర్ల, అంటే మనవాళ్ళు నైలాన్ అనే వాటి, ధరలను కూడబలుక్కుని పెంచారని అయిదు టైర్ల కంపెనీల మీద కాంపిటిషన్ కమిషన్ 1,788 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2018 ఆగస్టులో ఇచ్చిన ఆ ఉత్తర్వు బయటికొచ్చింది 2022 ఫిబ్రవరిలో. ఆ డిసెంబరులోనే అప్పీలు ట్రిబ్యునలు దాన్ని మళ్ళీ పరిశీలించమని వెనక్కి పంపింది. ఇన్నేళ్ళలో టైరు కొన్నవాడి జేబులోకి పైసా తిరిగి రాలేదు. పన్ను చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు టైర్ల మీద జి.ఎస్.టి. 18 శాతం నుంచి 5 శాతానికి దించారు, మంచిదే. లారీ టైర్ల మీద 28 నుంచి 18కి దించి ఆపారు. ట్రాక్టరుకు 5, దాని వెనక ట్రక్కుకు లారీ సైజు టైరు వేసుకుంటే 18! ట్రాక్టరు ముందు సగమే రైతుదనుకున్నారు కాబోలు.

అయినా లెక్క వేసి చూద్దాం. ఒక జత టైర్లకు నలభై వేలు అయిందనుకుందాం. రోజుకు పది ట్రిప్పుల చొప్పున ఏడాదికి నూటయాభై రోజులు తిరిగితే, మూడేళ్ళలో నాలుగువేల అయిదువందల ట్రిప్పులు. ట్రిప్పుకు తొమ్మిది రూపాయలు కూడా పడదు. ఒక టీ ఖరీదు. ఈ తొమ్మిది రూపాయలను డీజిలు లాగా కిరాయిలో కలిపి మొదటి రోజు నుంచీ పక్కన పెడితే, టైరు పోయిన రోజున అప్పుకు పరుగెత్తనక్కరలేదు. ఎవ్వరూ పెట్టరు. డీజిలు లేకపోతే బండి కదలదు, టైరు గుండైనా కదులుతుంది. అందుకే టైరు ఎప్పుడూ ఆఖరు.

ఇక్కడ మనవాళ్ళు ఒక తేడా పాటించాలి. నాలుగు ట్రాక్టర్లున్న ఆసామి వేరు. ఫైనాన్సు కంపెనీకి ఆరునెలల కిస్తీ కట్టలేక, తానే డ్రైవరై కిరాయికి తిప్పుకునే రెండెకరాల రైతు వేరు. మొదటివాడిని నిలదీయాలి. రెండవవాడితో కూర్చుని మాట్లాడాలి, కిరాయి పెంచమని అతనితో కలిసి అడగాలి కూడా. సహకార సంఘాలు ఎరువులిచ్చినట్టే టైర్లకు స్వల్పకాలిక అప్పు ఎందుకివ్వకూడదు? పోతే, జీతానికి తోలే డ్రైవరు. టైరు పేలితే పోలీసులు మొదట పట్టుకునేది అతన్నే. టైరు కొనే అధికారం అతనికెక్కడిది?

మొన్న మిరప కోతల కాలంలో పల్నాడులోని ఒక ఊరికి వెళ్ళాము. ఆ ఉదయం కూలీలు ట్రక్కు ఎక్కబోతుండగా ఒక పెద్దావిడ టార్చిలైటు వేసి చూసింది. ఎడమ టైరు పక్కగోడ మీద నిమ్మకాయంత బుగ్గ.

"ఏందిరా అబ్బాయ్ ఇది? దీని మీద మమ్మల్ని ఎక్కించుకుంటావా?" అన్నది.

"నేనేం జేసేది పెద్దమ్మా! నెల రోజుల్నించీ చెప్తానే వున్నా. ఇసక తోలకం అయినాక ఏపిస్తానన్నాడు" అన్నాడు డ్రైవరు.

"అయితే మీ ఆసామికి ఫోన్ జేసి చెప్పు, మేం దిగినామని."

ఇరవై ఆరుమందీ దిగిపోయారు. మేస్త్రీ బతిమాలాడు, కోపం చేశాడు, వేరే ముఠాను పిలుస్తానన్నాడు. కర్నూలు నుంచి వలసవచ్చి ఊరి బయట గుడారాల్లో వుంటున్న ముఠాను నిజంగానే పిలిచాడు. వాళ్ళూ వచ్చి ఆ బుగ్గ చూసి నిలబడిపోయారు. మేము చూసినదాంట్లో అది గొప్ప సంగతి. వాళ్ళకు ఈ ఊళ్ళో అప్పు పుట్టదు, రోజు పోతే పూట గడవదు, అయినా ఎక్కలేదు. తొమ్మిది గంటలకు ఆసామి వేరే బండి పంపాడు. మూడవనాటికి రెండు కొత్త టైర్లు పడ్డాయి. పెద్దావిడ దగ్గరకెళ్ళి అచ్చు చదివించుకున్నది కూడా, ఇంటర్ చదివే మనుమరాలి చేత.

ఆ పూట పోయిన సగం కూలి మాత్రం ఇంకా ఇవ్వలేదు. పని మానింది వాళ్ళు, నేనెందుకివ్వాలంటాడు ఆసామి. బండి సరిగా లేక ఆగినాము గాని మేము మానలేదంటారు వాళ్ళు. రెండు ముఠాలూ కలిసి అడుగుతున్నాయి. వచ్చే సోమవారం మళ్ళీ మాటలున్నాయి.