దరిద్రాన్ని చీపురు మీదికి నెడతారా?

కుబేర కుంచం అమ్మేవాళ్ళకు మాత్రం ధనయోగం పట్టిన మాట నిజం. అరచేతిలో ఇమిడే ఇత్తడి గిన్నె, దానిమీద శంఖచక్రనామాలు, లోపల గుప్పెడు బియ్యం, గవ్వలు, గోమతి చక్రాలు, తామరగింజలు, గురివింద గింజలు, ఒక పసుపుకొమ్ము, పైన రూపాయి బిళ్ళలు. శుక్రవారం పూట పూజించి ఈశాన్యంలో పెడితే ఇంట్లో డబ్బు నిలుస్తుందట. యూట్యూబ్‌లో చూసి ఫోన్లో ఆర్డరు పెడితే పొదిలికైనా, కొనకనమిట్లకైనా తెచ్చిచ్చి పోతారు.

గవ్వలతో, తామరగింజలతో నాకు పేచీ లేదు. వరలక్ష్మీ వ్రతానికి కలశం పెట్టుకునే ఇల్లాలి భక్తి ఆమె ఇష్టం. నా కోపమంతా ఆ గిన్నెతోపాటు ఉచితంగా అంటగట్టే ఉపదేశం మీద. పొద్దుగూకాక ఊడ్చావు, అందుకే లక్ష్మి వెళ్ళిపోయింది. చీపురు నిలబెట్టావు. ఎంగిలి గిన్నెలు తెల్లవార్లూ వదిలేశావు. శుక్రవారం నాడు ఉప్పు చేబదులిచ్చావు. గడప మీద కూర్చున్నావు. ఈ చిట్టా మొత్తం వెతకండి, మగవాడు చేసిన తప్పు గానీ వ్యాపారి చేసిన తప్పు గానీ ఒక్కటుంటే చూపించండి. దరిద్రానికి ముద్దాయి ఇల్లాలేనట! మిరపకాయల కోతకు పోయి చీకటిపడ్డాక ఇల్లు చేరే మనిషి ఇక ఎప్పుడు ఊడ్చుకోవాలి స్వామీ?

లక్ష్మి ఎటు పోయిందో తెలుసుకోవాలంటే పొదిలి పొగాకు వేలం కేంద్రానికి పోయి చూడండి. పొలానికి కౌలు, బ్యారన్‌కు అద్దె, ఆకు కాల్చడానికి పుల్లలు, గ్రేడు చేయడానికి కూలి, ఇన్ని పెట్టుకుని తెచ్చిన బేలు మీద ‘నో బిడ్’ పడితే దాన్ని మళ్ళీ బండెక్కించుకుని ఇంటికి తెచ్చుకోవాల్సిందే. ఆ కిరాయి కూడా రైతు నెత్తినే. 2025లో నల్లబర్లీ పొగాకు వేసినవాళ్ళ పంటకు కంపెనీలు మొహం చాటేస్తే చివరికి ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను కొనుగోలుకు దింపాల్సి వచ్చింది. మిర్చి సంగతీ అంతే. 2023లో క్వింటా ఇరవై వేలు దాటిన కాయ ధర ఎంతగా పడిందంటే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయల ఆసరా ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ రెండేళ్ళలో మన పల్లెల్లో ఆడవాళ్ళంతా కూడబలుక్కుని చీపుర్లు నిలబెట్టారా?

ఇంతకీ కుబేరుడెవరు? ఏడుకొండలవాడి పెళ్ళికి అప్పిచ్చిన ఆసామి. ఆ స్వామి ఇప్పటికీ వడ్డీ కడుతూనే ఉన్నాడని మనమే కథ చెప్పుకుంటాం, వడ్డికాసులవాడని పిలుచుకుంటాం. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి నలుగుతున్నవాడు పోయి పోయి అప్పులిచ్చే దేవుడికే దణ్ణం పెట్టడమేమిటి!

కుంచం ఒకప్పుడు రైతు పనిముట్టు. నాలుగు మానికలు ఒక కుంచం. కళ్ళంలో గింజ కొలిచిందీ, కూలివాళ్ళ ఒడిలో పోసిందీ దాంతోనే. ఎప్పటికప్పుడు నింపడం, బోర్లించడం, అదే దాని బతుకు. దాన్ని నింపి మూల కూర్చోబెట్టిన ఘనత మన కాలానిదే.

గిన్నె పెడితే డబ్బొస్తుందన్న ఈ ఆశే ముదిరితే లంకెబిందెల పిచ్చి. పాడుబడ్డ గుళ్ళలో, పుట్టల పక్కన, పాత కోటగోడల కింద అర్ధరాత్రి పలుగులు దిగుతాయి. బిందెలు దొరకవు గానీ వందల ఏళ్ళనాటి నంది మాత్రం ముక్కలవుతుంది. ఒకవేళ దొరికినా, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన సొత్తయితే కలెక్టరుకు చెప్పి తీరాలి. ఇక రైస్ పుల్లింగ్ ముఠాలది మరో నాటకం. పిడుగుపడి మహిమ వచ్చిన రాగి చెంబట, బియ్యపు గింజల్ని తనవైపు లాక్కుంటుందట, విదేశాల్లో కోట్లకు కొంటారట. చెంబులో దాచింది అయస్కాంతం, గింజలకు పట్టించింది ఇనుప పొడి. అడ్వాన్సు చేతిలో పడిందా, ముఠా ఫోను మూగబోతుంది. పొలం తాకట్టుపెట్టి మరీ ఇచ్చినవాడు పరువు పోతుందని స్టేషను మెట్లెక్కడు.

మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013లో కాల్చి చంపాక గానీ మంత్రతంత్రాల దోపిడీ మీద చట్టం రాలేదు. నిధుల పేరిట చేసే అఘాయిత్యాలు కూడా దాని కిందికి వస్తాయి. కర్ణాటక 2017లో తెచ్చుకుంది. మన శాసనసభకు ఇంకా తీరిక చిక్కలేదు. ఇక్కడ ఎవరి ప్రాణం పోవాలని చూస్తున్నారో అడగాలి, ఓటుకు వచ్చినప్పుడే అడగాలి.

అమ్మా, మీ ఇంటి అప్పుకు మీ చీపురే కారణమని ఏ స్వామైనా చెబితే, గుంటూరు మిర్చియార్డులో మీ ఆయన చేతికిచ్చిన తక్‌పట్టీ తెచ్చి ఆ స్వామి ముందు పెట్టండి. ధర, కమీషను, హమాలీ, కిరాయి అన్నీ అందులో రాసే ఉంటాయి. లక్ష్మి ఏ అంకె దగ్గర దిగిపోయిందో వేలుపెట్టి చూపించమనండి.