స్వరసమత: పేరు ఒకటి, వ్యవస్థలు రెండు

ద్రావిడ భాషలను సిథియన్ వర్గంతో ముడిపెడుతూ కాల్డ్వెల్ (1856) చూపిన ఆధారాల్లో తెలుగు స్వరసమత ఒకటి. ఆ బాంధవ్యవాదం వీగిపోయినా, హంగేరియన్, తెలుగు స్వరసమతలు ఒకటేననే భావన మిగిలింది. అది నిలవదు.

హంగేరియన్‌లో ప్రాతిపదిక శాసిస్తుంది, ప్రత్యయం లోబడుతుంది. ‘హాజ్’ (ఇల్లు) వెనుకటి అచ్చు గలది కనుక ‘హాజ్‌బన్’ (ఇంట్లో). ‘కెర్త్’ (తోట) ముందరి అచ్చు గలది కనుక ‘కెర్త్‌బెన్’ (తోటలో). సమాసంలో చివరి పదానిదే అధికారం: ‘బుద’లో వెనుకటి అచ్చులే ఉన్నా, ‘పెష్త్’ను అనుసరించి ‘బుదపెష్తెన్’ (బుడాపెస్టులో) అవుతుంది. ప్రత్యయం కోసం ప్రాతిపదిక తన అచ్చుల వర్గాన్ని మార్చుకోదు.

తెలుగులో ప్రభావం రెండు దిశల్లోనూ నడుస్తుంది. ‘కత్తికి’లో ప్రాతిపదికాంత ఇకారం ‘కు’ను ‘కి’గా మారుస్తుంది, దీనికి బాలవ్యాకరణంలో (1858) సూత్రముంది. ‘కత్తులు’లోనో, బహువచన ప్రత్యయమే ప్రాతిపదిక ఇకారాన్ని ఉకారం చేస్తుంది. ‘మనిషి’లోనైతే రెండు ఇకారాలూ మారి ‘మనుషులు’ ఏర్పడుతుంది. తొలి అచ్చు మాత్రం చలించదు.

ఈ రెంటినీ ఒకటనడం ఫలితాన్ని చూసి చేసిన పోలికే గాని, ప్రక్రియను చూసి చేసినది కాదు. హంగేరియన్ చట్రంలో బిగిస్తే ‘మనుషులు’ అపవాదంగా మిగులుతుంది. నిత్యరూపాన్ని అపవాదం చేసే సిద్ధాంతం తెలుగు వ్యాకరణానికి అక్కరలేదు.