చడీచప్పుడు లేని సెగ

గనేరియా అనగానే మూత్రంలో మంట, చీము గుర్తొస్తాయి. మన చికిత్సా విధానం కూడా చాలావరకు ఆ గుర్తుల మీదే నడుస్తోంది. సుఖవ్యాధులకు ప్రభుత్వం నడిపే సురక్ష క్లినిక్‌కు స్రావంతో వచ్చినవారికి పరీక్ష ఫలితం కోసం ఆగకుండా బూడిదరంగు కిట్‌లోని మందులు ఇవ్వడం ఏళ్లుగా ఉన్న పద్ధతి. ప్రయోగశాల లేనిచోట అది తెలివైన ఏర్పాటే. కానీ ఏ లక్షణమూ లేనివాళ్లు ఆ గడప తొక్కరు. నెత్తురులోకి పాకే గనేరియా ఎక్కువగా దాగేది వాళ్లలోనే.

ఎందుకో బ్యాక్టీరియా జన్యువులే చెబుతాయి. మన కణాలను పట్టుకోవడానికి దానికి వెంట్రుకల్లాంటి పోగులుంటాయి. వాటి ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు పక్కన పెట్టిన పనిచేయని ప్రతుల నుంచి ముక్కలను నకలు చేసుకుని తనలో అతికించుకుంటూ ఉంటుంది. యాంటీబాడీలు సిద్ధమయ్యేసరికి అవి వెతికే రూపం మారిపోతుంది. దాని పైపొర మీది ఓపా ప్రొటీన్ల సంగతి ఇంకా తమాషా. వాటి జన్యువులు సుమారు 11. ఒక్కోదానిలో అయిదక్షరాల వరస పదేపదే వస్తుంది. నకలు తీసేటప్పుడు ఒక వరస తగ్గినా పెరిగినా ఆ జన్యువు ఆగిపోతుంది, లేదా పని మొదలుపెడుతుంది. రాయసకాడి పొరపాటే దీనికి బతుకుతెరువన్నమాట! ఇవి ఒకే రోగి ఒంట్లో మారే వేషాలు. నెత్తురు దాకా చేరే విషయంలో మరో తేడా కీలకం. పోర్‌బి అనే ప్రొటీన్‌లో 1ఎ రకం ఉన్న బ్యాక్టీరియా, మన నెత్తురులోని ఫ్యాక్టర్ హెచ్‌ను ఒంటికి అంటించుకుంటుంది. సొంత కణాల మీద రక్షణ వ్యవస్థ దాడి చేయకుండా చూడటం ఫ్యాక్టర్ హెచ్ పని. ఆ ముసుగులో బ్యాక్టీరియా మణికట్టుకో మోకాలికో చేరుతుంది. మొదట సోకినచోట మాత్రం తరచూ మంటా ఉండదు, చీమూ ఉండదు.

చికిత్స అందని కేసుల్లో ఇలా పాకేవి 0.5 నుంచి 3 శాతమే కదా అనవచ్చు. నిజమే. అయితే 2020లో ప్రపంచవ్యాప్తంగా కొత్త కేసులు 8.2 కోట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో చికిత్స అందనివాటిలో అర శాతమైనా చిన్న లెక్కేమీ కాదు. టీకా వస్తుందిలే అనీ కూర్చోలేం. న్యూజిలాండ్‌లో మెనింజైటిస్ టీకా వేయించుకున్నవారిలో గనేరియా తగ్గింది సుమారు 31 శాతమే. అందరికీ ఈ బ్యాక్టీరియా జన్యువులను వెతికే పరీక్ష చేయాలంటే ఖర్చు మోయలేమన్న అభ్యంతరం మాత్రం బలమైనదే. అందుకే నేను అడిగేది అందరికీ కాదు. నెలసరి, గర్భం సమయాల్లో ముప్పు పెరుగుతుంది కాబట్టి గర్భిణులకు సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలతో పాటు ఇదీ చేయాలి. రోగుల భాగస్వాములకు లక్షణాలు లేకున్నా చేయాలి. కీళ్లు ఒకదాని తర్వాత ఒకటి వాచి, చేతుల మీద నాలుగైదు చీము పొక్కులతో వచ్చిన యువతీయువకులకూ చేయాలి. వీళ్లు వెళ్లేది ఎముకల డాక్టరు దగ్గరికి. అక్కడ మోకాలి నీరు తీసి ప్రయోగశాలకు పంపితే చాలాసార్లు ఏదీ పెరగదు, కీళ్లవాతమని మందులు రాస్తారు. నమూనా గొంతు నుంచి, మూత్రనాళం నుంచి, గర్భాశయ ముఖద్వారం నుంచి కూడా తీసి ఉంటే దొరికే అవకాశం ఎక్కువ.