వేగం మాటున పెత్తనం

సెకనుకు ఎన్ని లావాదేవీలు? బ్లాక్‌చెయిన్ సంస్థలు పెట్టుబడిదారుల ముందు ఊదరగొట్టే లెక్క ఇదే. ఆ లెక్కన బిట్‌కాయిన్ కొరగానిది. సగటున పది నిమిషాలకో బ్లాక్, సెకనుకు ఏడు లావాదేవీలు దాటితే గొప్ప. సొలానా అనే మరో నెట్‌వర్క్ వేలల్లో చెబుతుంది. అందులో పెద్ద వాటా లావాదేవీలను సరిచూసే వ్యాలిడేటర్లు వేసే ఓట్లదేనని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు.

అడగాల్సిన ప్రశ్న వేరు. నెట్‌వర్క్‌ను ఆపడానికి ఎంతమంది ఒక్క మాట మీదికొస్తే చాలు?

2022 అక్టోబరులో బీఎన్‌బీ చెయిన్‌లో నాణేలను ఒక చెయిన్ నుంచి మరోదానికి చేరవేసే బ్రిడ్జిలో లొసుగు పట్టుకుని దొంగలు 20 లక్షల నాణేలు పుట్టించుకున్నారు. ఇరవై చిల్లర మంది వ్యాలిడేటర్లు కూడబలుక్కుని నెట్‌వర్క్ మొత్తాన్ని నిలిపేశారు. నష్టం తగ్గిన మాట నిజమే. కానీ దొంగను ఆపిన చెయ్యి, రేపు ఏ సర్కారో కన్నెర్ర చేస్తే ఖాతాదారునీ ఆపుతుంది. అదే ఏడాది మార్చిలో దోపిడీకి గురైన రోనిన్ నెట్‌వర్క్‌ది మరీ అన్యాయం. తొమ్మిది మంది వ్యాలిడేటర్లలో ఐదుగురి సంతకాలుంటే అప్పట్లో డబ్బు కదిలేది. దొంగల చేతికి చిక్కిన ఐదు తాళాల్లో నాలుగు ఒకే కంపెనీవి! 60 కోట్ల డాలర్లకు పైగా పోతే, ఆరు రోజుల దాకా ఎవరూ పసిగట్టలేదు. దీన్నా వికేంద్రీకరణ అన్నది?

సొలానాను వీటితో జమకట్టలేం. దాని వ్యాలిడేటర్ల సంఖ్య ఎక్కువ. అయినా 2021 సెప్టెంబరులో 17 గంటలు, 2024 ఫిబ్రవరిలో దాదాపు ఐదు గంటలు పడకేసింది. ఆ వేగానికి ఖరీదైన సర్వర్లు కావాలి. బిట్‌కాయిన్ లెక్కను సరిచూడటానికి మామూలు కంప్యూటర్ చాలు. బ్లాకును పెద్దది చేసి వేగం తెద్దామన్నవారు 2017లో బిట్‌కాయిన్ క్యాష్ పేరుతో వేరుకుంపటి పెట్టుకున్నది ఈ పేచీ మీదే.

బిట్‌కాయిన్‌కూ మచ్చ ఉంది: తవ్వకందారుల కూటములైన మైనింగ్ పూల్‌లు రెండే సగానికి మించిన బ్లాకులు తవ్విన సందర్భాలున్నాయి. ఇథీరియం తన భారాన్ని రోలప్‌లనే అనుబంధ నెట్‌వర్క్‌ల మీదికి నెట్టింది. వాటిలో చాలావాటికి లావాదేవీల వరుస నిర్ణయించేది ఒకే సంస్థ. 2024 జూన్‌లో లినియా అనే రోలప్ నిర్వాహకులు తమ నెట్‌వర్క్‌ను కాసేపు ఆపి ఆ సంగతి రుజువు చేశారు.

మా తీర్పు ఇది. బిట్‌కాయిన్, ఇథీరియం మూల నెట్‌వర్క్‌లు నెమ్మదైనా, లోపాలున్నా వికేంద్రీకరణ అన్న పేరుకు తగినవి. పాతిక మంది మాటతో ఆగిపోయేవి వేగమైన ఉమ్మడి డేటాబేస్‌లు. అలాగే చెప్పుకుని అమ్ముకోవాలి.

ఇది నాణేల వ్యాపారుల గొడవే కాదు. భూమి రికార్డులకు ఆంధ్రప్రదేశ్, చిట్‌ఫండ్ల లెక్కలకు తెలంగాణ ఈ బ్లాక్‌చెయిన్ సాంకేతికతనే ప్రయోగించి చూశాయి. దస్తరం కొద్దిమంది గుప్పిట్లో ఉంటే ఏమవుతుందో కరణాలు, పట్వారీల కాలంలో మన పల్లెలు చూశాయి. ఇకపై ఏ ప్రభుత్వమైనా ఇలాంటి ఒప్పందంపై సంతకం పెట్టే ముందే వ్యాలిడేటర్లు ఎవరో, వారిలో ఎందరు ఒకే గూటివారో, ఆపే అధికారం ఎవరిదో ప్రజల ముందు పెట్టాలి.