సంచిమీది బొమ్మ యెవరు వేయవలెను?

మన ఉంగుటూరు ప్రాంతపు రైతు ప్రతి పనికిని పని తెలిసినవానినే పిలుచును. మోటారు చెడినచో మెకానిక్కును, గట్టు తగవు వచ్చినచో సర్వేయరును, గేదె మేత ముట్టనిచో పశువైద్యుని పిలుచును. కూలి యెంతయని యడుగునే గాని, ఈ పని మా బావమఱది కొడుకు ఊరక చేసిపెట్టునని యనడు. అయితే తాను పండించిన బియ్యమును సంచికెత్తి, దానికొక పేరు పెట్టి, ఏలూరికో తాడేపల్లిగూడెమునకో పంపునపుడు మాత్రము, ఆ సంచిమీది బొమ్మ యెవరు వేసినను ఒకటే యని తలచుచున్నాడు. ఈ తలంపు సరికాదనియు, దీనివలన చిన్న సంఘములకు కలుగు నష్టము చిన్నది కాదనియు నా యభిప్రాయము.

ఇది నే ననుభవించి నేర్చుకొన్న పాఠము. కొన్నేండ్ల క్రిందట నేనొక చిన్న సంఘపు కార్యవర్గములో నుంటిని. సభ్యుల ధాన్యమును ఆడించి, ఐదు కిలోల సంచులలో పోసి, పట్టణపు గృహస్థులకు నేరుగ అమ్మవలెనని నిశ్చయించితిమి. సంచులు చేయించు వర్తకుడు బొమ్మ తానే ఉచితముగ వేయించి యిత్తుననెను. ఉచితమనగా మాకెంతో సంతోషమయ్యెను. ఒకరు లక్ష్మీదేవి కావలెననిరి. ఒకరు ఎడ్లబండి యనిరి. వేఱొకరు వరికంకి యనిరి. కొల్లేటి గూడబాతు లేనిదే మన ప్రాంతమని యెట్లు తెలియునని యింకొకరనిరి. ఎవరిని నొప్పింపవలెను? అన్నియు వేయించితిమి. బొమ్మల జాబితా కొల్లేటి చాంతాడయ్యెను. పైగా సంచి వచ్చిన పిదప చూడగా సంఘము పేరులోని యొక ఒత్తు జారిపోయి యుండెను.

ఆ సంచిని దుకాణములో చూచిన యొక యిల్లాలు, "ఇవి బియ్యమా, అగరువత్తులా?" అని యడిగెనట. అది నవ్వులాట మాట, దానిని సహింపవచ్చును. మఱుసటి యేట ధర తగ్గునని సంచుల బేరము వేఱొకరికి ఇయ్యబోగా, బొమ్మ తనదనియు, దానిని మఱియొకచోట ముద్రింపరాదనియు మొదటి వర్తకుడు చెప్పెను. మా చేతిలో కాగితమా, లేదు. అప్పటికి కొందఱు గృహస్థులు ఆ సంచిని గుర్తుపట్టి కొనుట నేర్చియుండిరి. ఆ గుర్తును విడిచి మరల మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చెను. తప్పు వర్తకునిది కాదు. అడుగవలసినది అడుగని మాది.

"సరకు మంచిదైనచో బొమ్మతో పనియేమి?" అని పెద్దలడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. కళ్ళములో రాశిపోసి యమ్మునపుడు బొమ్మతో పనిలేదు. కొనువాడు గింజను చేతబట్టి, కొఱికి, తేమ చూచుకొనును. మిల్లునకు ధాన్యము తోలు రైతునకును గుర్తు అక్కఱలేదు. కాని మూతి కుట్టిన సంచిలోని బియ్యమును పట్టణపు గృహస్థు కొఱికి చూడలేడు. ఒకమారు కొని వండుకొని బాగున్నదనుకొన్నవాడు రెండవమారు దుకాణమునకు వచ్చునపుడు, వరుసగ నిలిపిన పది సంచులలో మనదానిని వెదకికొనవలెను. గుర్తు చేయు పని యింతే. కాని యీ పనిని గుర్తు తప్ప మఱేదియు చేయలేదు. చెడ్డ బియ్యమును మంచి బొమ్మ అమ్మలేదు, అమ్మినను ఒకమాఱే. ఆ పిమ్మట ఆ బొమ్మను చూచియే జనులు తప్పించుకొందురు.

సహకారులకు ఇందు ఆదర్శము దేశములోనే కలదు. గుజరాతులోని ఖేడా జిల్లా పాడిరైతులు 1946లో స్థాపించుకొన్న సంఘమే నేడు అమూల్ అను పేరుతో లోకమునకు తెలిసియున్నది. పాలు పోసినది రైతులు. నడిపినది త్రిభువనదాస్ పటేలు, వర్గీస్ కురియన్ వంటి సమర్థులు. అయినను వెన్న అమ్ముటకు వచ్చునప్పటికి వారు తమలో ఎవరికి బొమ్మలు వచ్చునని వెదకికొనలేదు. ఆ పనినే వృత్తిగా గలవారికి అప్పగించిరి. సిల్వెస్టర్ డకున్హా ఆలోచన, యూస్టస్ ఫెర్నాండెజ్ గీత కలిసి 1966లో చుక్కల గౌనుతో ఒక చిన్నపిల్ల పుట్టినది. అరువదేండ్లుగా ఆ పిల్ల మాఱలేదు. చదువురాని వానికిని ఆ బొమ్మ తెలియును. అందు గమనింపవలసినది, అందున్నది ఒక్క పిల్లయే. లక్ష్మియు లేదు, బండియు లేదు, అధ్యక్షుని ఛాయాపటమును లేదు.

తెలుగువారిలోనే చూతము. 1933లో మన గోదావరి సీమ నరసాపురమున పుట్టిన బాపు చేతివ్రాత యెట్టిది? పుస్తకపు అట్టమీద ఆయన పేరు లేకున్నను, అక్షరపు వంపు చూడగనే ఇది బాపుదని తెలుగువాడు చెప్పును. ఆ వ్రాత నేడు కంప్యూటరులో అక్షరములుగ సైతము వాడుకలో నున్నది. అక్షరమే గుర్తు కాగలదని దీనివలన తెలియుచున్నది. మన సంఘము పేరును తెలుగులో అందముగ, ఒత్తులు గుడులు చెడకుండ వ్రాయించినచో, అదియే సగము బొమ్మ.

ఇక గ్రాఫిక్ డిజైనరను ఆ వృత్తివాడు చేయు పని కేవలము బొమ్మ గీయుట కాదు. గోనెవంటి ప్లాస్టిక్ నేత సంచిపై సన్నని గీత అలుకుకొనిపోవునని అతనికి తెలియును. రంగు రంగునకు వేఱు అచ్చు కావలెను గనుక, ఐదు రంగులు చేయు పనిని రెంటితో చేయించి ఖర్చు తగ్గింపగలడు. తెరమీద కనిపించు పచ్చదనము సంచిమీద అట్లే రాదని ముందుగ చెప్పును. కిలో పొట్లముపైనను, లారీ ప్రక్కపలకపైనను చెదరక నిలుచునట్లు గుర్తును సిద్ధము చేయును. సరకు పేరు, నికర తూకము, పన్నులతో కూడిన గరిష్ఠ ధర, కట్టిన నెల, సంవత్సరము, కట్టినవారి చిరునామా, ఆహార శాఖవారి పదునాలుగంకెల లైసెన్సు సంఖ్య, శాకాహారమును తెలుపు పచ్చచుక్క, ఇవన్నియు కనబడునట్లు చోటు విడుచును. ఇవి తరువాత ఇఱికింపబోయినచో బొమ్మయు చెడును, అక్షరములును చదువ వీలుకావు.

ఖర్చు మాట. సంఘము సొమ్ము సభ్యుల సొమ్ము గనుక కాసునకు లెక్క చెప్పవలసినదే. మాటకు, డిజైనరు ఇరువది వేల రూపాయలడిగెననుకొందము. పదివేల సంచులమ్మినచో సంచికి రెండు రూపాయలు పడును. లక్ష సంచులమ్మినచో ఇరువది పైసలు. ఏటేట బొమ్మ మార్చకున్నచో ఈ భారము తగ్గుచునే పోవును. అమ్మబోవు సంచులు వేయింటికి మించవని తోచినచో, పెద్ద ఖర్చునకు దిగవద్దు. పేరు మాత్రము చక్కగ వ్రాయించుకొని, ఒక్క రంగుతో ప్రారంభింపుడు. ఈ లెక్క ముందు వేసికొనినవాడు మోసపోడు.

పని అప్పగించు విధమును గూర్చి నా సూచనలివి. మొదట కార్యవర్గము కూర్చుండి, ఏమి అమ్ముచున్నాము, ఎవరికమ్ముచున్నాము, ఏ ధరకు, ప్రక్కసంచికంటె మనది యెందు మేలు అను నాలుగు సంగతులు ఒక కాగితముపై వ్రాయవలెను. ఇది మనకే తెలియనిచో డిజైనరునకు తెలియదు. పిమ్మట ముగ్గురు డిజైనర్ల పూర్వపు పనులను, ముఖ్యముగ తెలుగులో చేసినవానిని, చూడవలెను. అందఱిచేతను ఊరక నమూనాలు వేయించుకొనుట తగదు. మన ధాన్యమును నమూనాకని బస్తాలకొలది యిత్తుమా? ఒకరిని ఎంచుకొని, ఎన్ని నమూనాలు, ఎన్ని దిద్దుబాట్లు, ఎప్పటికి, ఏ వాయిదాలలో సొమ్ము అని వ్రాసికొనవలెను. నిర్ణయించు అధికారము ముగ్గురికి మించి యుండరాదు. వందమంది దిద్దిన బొమ్మ మా గూడబాతు సంచివలె నగును. ముద్రకు ముందు తెలుగు బాగుగ తెలిసిన ఉపాధ్యాయునిచే ప్రతి యక్షరమును చదివింపవలెను.

అన్నిటికంటె ముఖ్యము హక్కు. సొమ్ము చెల్లించితిమి గనుక బొమ్మ మనదే యని మనమనుకొందుము. కాని 1957 నాటి కాపీరైటు చట్టమును బట్టి, స్వతంత్రముగ పనిచేయు చిత్రకారుడు రూపొందించిన గుర్తుపై హక్కు సాధారణముగ ఆతనికే యుండును. అది సంఘమునకు రావలెనన్నచో ఆతడు సంతకము చేసిన పత్రము కావలెను. అందు కాలము వ్రాయనిచో ఐదేండ్లకు మాత్రమే యనియు, ప్రదేశము వ్రాయనిచో భారతదేశమునకు మాత్రమే యనియు చట్టము భావించును. కావున రెండును వ్రాయించి, మూల ఫైళ్ళను గూడ తీసికొని సంఘపు బీరువాలో భద్రపఱచవలెను. ఆ పిదప 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము క్రింద గుర్తును నమోదు చేయింపవచ్చును. నమోదు పదేండ్లు చెల్లును, మరల పొడిగించుకొనవచ్చును. ఇతరుల గుర్తును పోలకుండ ముందే వెదకి చూచుకొనవలెను. వంగడము పేరును గుర్తుగా పెట్టుకొనుటయు మేలు కాదు. మార్టేరు పరిశోధనా స్థానమిచ్చిన స్వర్ణ అందఱి పొలములలోను పండినది. అది మన యొక్కరిదని యెట్లనగలము?

వచ్చు మహాసభలో మన సంఘము సంచుల విషయము చర్చకు రానున్నదని విన్నాను. ఉచితముగ బొమ్మ వేసిపెట్టుదుమని చెప్పువారు ఈమాఱును ఉందురు. వారిని అవమానింపనక్కఱలేదు, నమస్కరించి పంపుడు. ఏడాది పొడవున కాలువనీటికి కాచుకొని, తెగులునకును తుపానునకును ఓర్చి పండించిన గింజ అది. దానికి పేరు పెట్టి పంపునపుడు, ఆ పేరు మనదై యుండవలెను, మన చేతిలో నుండవలెను. ఈ మాత్రము ఖర్చునకు సభ్యులు సమ్మతింతురు గాక యని నా మనవి.