ఎండ ఉంటే చాలు... దేవగన్నేరు!

కొత్త ఇల్లు కట్టుకోగానే గేటు పక్కన ఓ పూలచెట్టు ఉంటే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. ఎర్రటి పూలు చూసి ముచ్చటపడి చాలామంది తురాయి మొక్క తెచ్చి నాటేస్తారు. కొన్నేళ్లకు దాని వేళ్లు ప్రహరీని కదిలించేస్తాయి. కొమ్మలు పెళుసు, గాలివాన వస్తే కరెంటు తీగల మీద విరిగిపడతాయి. చివరికి ఇష్టంగా పెంచిన చెట్టునే కొట్టించేయాల్సి వస్తుంది. అందుకే మొక్క కొనేముందు పూలరంగు ఒక్కటే కాదు, పెద్దయ్యాక ఎంత చోటు కావాలో కూడా చూసుకోవాలి.

రోజంతా ఎండ పడే చిన్న పెరటికి చక్కగా సరిపోయేది దేవగన్నేరు. సాధారణంగా 15 నుంచి 20 అడుగుల ఎత్తు పెరిగి, గొడుగులా విస్తరిస్తుంది. గోడకు ఆరేడు అడుగుల దూరంలో నాటితే ఇబ్బంది ఉండదు. గుడి ఆవరణల్లో తరచూ కనిపించే ఈ చెట్టు నిజానికి మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి వచ్చింది.

లావుపాటి కొమ్మల్లో నీళ్లు దాచుకుంటుంది కాబట్టి రోజూ తడపక్కర్లేదు. వేళ్లూనుకున్నాక వేసవిలో వారానికోసారి పోసినా సరిపోతుంది. పాలు కారే చెట్టు కావడంతో పశువులు పెద్దగా ముట్టవు. ఆ పాలు చర్మానికి తగిలితే కొందరికి దురద వస్తుంది. కొమ్మలు కత్తిరించేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి.

పూలు రాత్రిపూట మరింతగా పరిమళిస్తాయి. ఆ వాసనకు తేనె ఉందనుకుని చిమ్మటలు వస్తాయి. తీరా చూస్తే పూలలో తేనె ఉండదు!

చాలామంది పొరబడేది చలికాలంలోనే. ఎర్ర, గులాబీ రంగు రకాలు ఆకులన్నీ రాల్చేసి మోడులా మిగులుతాయి. ఎండిపోయిందనుకుని బిందెలకొద్దీ నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లిపోతాయి. నిజంగా చచ్చిందేమో తెలియాలంటే కొమ్మను గోటితో కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఎండలు ముదిరేలోగా చిగురిస్తుంది. ఏడాదంతా పచ్చగా కనిపించాలనుకుంటే గుండ్రటి ఆకుల తెల్లపూల రకాన్ని ఎంచుకోవచ్చు.

దీనికి డబ్బు ఖర్చు కూడా అక్కర్లేదు. తెలిసినవాళ్లింట్లో ముదురు కొమ్మ ఒకటి, అడుగున్నర పొడవున అడిగి తెచ్చుకోండి. పాలు ఆరేదాకా వారం, పదిరోజులు నీడలో ఉంచండి. తర్వాత ఇసుక కలిపిన మట్టిలో నాటండి. నల్లరేగడి నేలైతే మట్టిని కాస్త ఎత్తు చేసుకోవాలి. తొలకరికి ముందే ఈ పని చేస్తే, వానాకాలం ముగిసేలోగా కొత్త ఆకులు పలకరిస్తాయి.